కంచె కట్టాలా, పంపెయ్యాలా, పర్మిట్ ఇవ్వాలా? (సిక్కోలు, విజీనారం వాళ్ళ అభిప్రాయాలు కావాలి)

విజీనారం_మాస్టారు
అందరికీ నమస్కారం. రిటైరయ్యాక ఇల్లు కట్టుకుంటున్నాను, కంటోన్మెంట్ వైపు, మొన్ననే రెండో స్లాబు పడింది. మేస్త్రీ తెచ్చిన సెంట్రింగ్ కుర్రాళ్ళు ఐదుగురూ బెంగాలీ మాట్లాడతారు, మాల్దా జిల్లా అన్నారు. ఎవరో ఫోన్ చేసి బంగ్లాదేశ్ వాళ్ళున్నారని చెప్పారంట, కానిస్టేబుల్ వచ్చాడు. మర్యాదగానే అడిగాడు లెండి, ఆ మాట చెప్పాలి. వాళ్ళలో పెద్దవాడు షెడ్డులోకెళ్ళి బిస్కెట్ల రేకుడబ్బా పట్టుకొచ్చాడు. అందులో పాలిథిన్ కవరు, కవర్లో ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, అడుగున వాళ్ళ తాత పేరున భూమి దస్తావేజు జెరాక్సు, మడతల దగ్గర చిరిగిపోతే టేపు వేసుంది. వెయ్యి కిలోమీటర్లు దాటి సెంట్రింగ్ కొట్టడానికొచ్చినవాడు తాత దస్తావేజు వెంటేసుకు తిరుగుతున్నాడు. మా తాతది ఒక్క కాగితం కూడా నా దగ్గర లేదు.

కానిస్టేబుల్ ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు, సాయంత్రం టీకొట్టు దగ్గర మాత్రం కాగితాల్లేకుండా వేరే దేశం నుంచి వచ్చేవాళ్ళని ఏం చెయ్యాలని పెద్ద గొడవ. ఒకడు బోర్డర్‌లో కంచె అంటాడు, ఒకడు అందర్నీ పంపెయ్యాలంటాడు, ఒకడు పనికి పర్మిట్ ఇచ్చేస్తే సరి అంటాడు. నిజంగా ఏది పనిచేస్తుందో చెప్పండి. పార్టీల పేర్లు వద్దు.

పలాస_జీడిపిక్క
మాస్టారూ మీరు మంచివారు కాబట్టి రేకుడబ్బా చూసి కరిగిపోయారు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, ఆ చట్టంలోనే రాసుంది. బంగ్లాదేశ్‌తో మన బోర్డర్ 4,096 కిలోమీటర్లు, అందులో కంచె పడింది 3,200 పైచిలుకు, ఇంకా 860 కిలోమీటర్లు దాకా ఖాళీ. ఇంటికి మూడు వైపులా గోడకట్టి నాలుగోవైపు వదిలేస్తే దొంగ ఎటునుంచి వస్తాడో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ముందు కంచె పూర్తి చెయ్యాలి, తర్వాతే మిగతా కబుర్లు. 2008లో ముంబై మీద పడ్డవాళ్ళు ఎలా వచ్చారు, మన చేపల బోటునే పట్టుకుని వచ్చారు కదా. జాలి చూపించే దగ్గర చూపిద్దాం, బోర్డర్ దగ్గర కాదు.

మత్స్యలేశం_శీను
జీడిపిక్క బావూ, ఆ మాట ఎత్తినావు కాబట్టి సెప్తన్నాను. ఆ బోటు మీద ఉన్న మన జాలర్లని కూడా ఆళ్ళే సంపీసినారు, అది కూడా సెప్పు. ఆ తర్వాత మాకు కార్డులు, బోట్లకి రంగులు, మెరైన్ పోలీస్ స్టేషన్లు అన్నీ వొచ్చినాయి, మంచిదే, నాను కాదన్ను.

డల్లాస్_రాజాం
రాజాం మాది, డల్లాస్‌లో ఉంటున్నా. ఇక్కడ ఇదే చర్చ రోజూ టీవీలో, నాకు రెండు వైపులా మంటే. 2014లో గ్రీన్ కార్డుకి పెట్టా, ఇంకా లైన్లోనే ఉన్నా, ఎందుకంటే ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరు, ఇండియా వాళ్ళం మనమేమో ఇంతమందిమి. హెచ్1బి వర్క్ వీసాలు కంపెనీలకి ఏడాదికి కొత్తవి 85 వేలే, లాటరీలో పడాల్సిందే, 2025 సెప్టెంబర్ నుంచి బయట దేశాల నుంచి తెచ్చుకునే కొత్త వాళ్ళకి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఇంత చేసి లైన్లో నిలబడ్డవాడి ముందు గోడదూకి వచ్చినవాడికి క్షమాభిక్ష అంటే కడుపు మండదా చెప్పండి.

అలాగని 2025 ఫిబ్రవరి 5న 104 మందిని చేతులకి బేడీలు కాళ్ళకి గొలుసులు వేసి మిలిటరీ విమానంలో అమృత్‌సర్‌లో దింపితే ఆ రోజు అన్నం సహించలేదు. పంపెయ్యండి, పంపే హక్కు ఉంది. గొలుసులెందుకు.

సోంపేట_రిగ్గర్
రాజాం తమ్ముడూ గోడ దూకినవాళ్ళే కాదు, గేటులోంచి వచ్చి ఉండిపోయినవాళ్ళూ చాలామంది ఉన్నారు, నేనూ అదే బాపతు. ఇన్నాళ్ళూ ఇక్కడ చెప్పలేదు, ఇప్పుడు చెప్తన్నా.

2009లో సౌదీ వెళ్ళా. ఏజెంటు లక్షా ఇరవై వేలు తీసుకున్నాడు, పైపు ఫిట్టర్ అని చెప్పాడు, దిగితే గొర్రెల దొడ్డి. ఊరికి దూరంగా ఒక రేకులషెడ్డు, నీళ్ళ ట్యాంకరు వారానికోసారి, మాట్లాడ్డానికి మనిషి లేడు. మూడు నెలలకి ఒక రాత్రి రోడ్డు దాకా నడిచొచ్చి లారీ ఎక్కేశా. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వెంటనే హురూబ్ వేసేశాడు, అంటే పారిపోయాడని కేసు. అక్కడి నుంచి నేను కల్లివెల్లి. గల్ఫ్ వెళ్ళినవాళ్ళకి ఈ మాట తెలుసు, తెలీనివాళ్ళకి చెప్పాలంటే అకామా (అక్కడ ఉండటానికి పర్మిట్) లేని మనిషి, లెక్కలో లేని మనిషి. నాలుగేళ్ళు అలాగే పనిచేశా, ఇంచుమించు ఇద్దరి పని ఒకడి జీతానికి, ఎందుకంటే ఆడికీ తెలుసు నేను ఎవరికీ చెప్పుకోలేనని. పోలీసు బండి కనిపిస్తే స్కాఫోల్డింగ్ మీదే పడుకునేవాణ్ణి, పగలంతా కాలిన పైపులు అవి, వీపు అంటుకుపోయేది.

ఇంటికి రావొచ్చు కదా అంటారు. వస్తే మళ్ళీ వెళ్ళలేను, అప్పు అలాగే ఉంది. పైగా బయటికి రావాలన్నా జరిమానా కట్టి, జైల్లో ఉండి రావాలి. తలుపు ఎంత గట్టిగా బిగిస్తే లోపలున్నవాడు అంత గట్టిగా అక్కడే ఉండిపోతాడు, ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. 2013లో నితాకత్ (కంపెనీలు ఇంతమంది సౌదీ వాళ్ళని పెట్టుకోవాలన్న రూలు) పేరు మీద పెద్ద ఎత్తున ఏరివేత పెట్టి ముందు కొన్ని నెలలు గడువిచ్చారు, నవంబర్ 3 దాకా, జరిమానా లేదు జైలు లేదు, వెళ్ళేవాళ్ళు వెళ్ళండి అన్నారు. ఎంబసీ ముందు ఔట్‌పాస్ కోసం, అంటే పాస్‌పోర్టు లేకపోయినా ఇంటికి రానిచ్చే కాగితం కోసం, లైన్ చూడాలి, వేలమంది, అంతమందీ పోలీసులకి దొరకనివాళ్ళే, ఇంటికి పోవచ్చు అనగానే వాళ్ళంతట వాళ్ళే వచ్చేశారు. నేనూ ఆ లైన్లోనే వచ్చా.

పలాస_జీడిపిక్క
అన్నా నీ కథ వింటే బాధగానే ఉంది, కాని నిన్ను అక్కడ ఉంచమని ఎవరూ అడగలేదు, పంపించేశారు కదా. నేనూ అదే అంటున్నా. పంపించెయ్యాలి. గడువివ్వు, జరిమానా మాఫీ చెయ్యి, నాకు అభ్యంతరం లేదు, చివరికి మాత్రం పంపాలి.

సోంపేట_రిగ్గర్
పంపించారు. 2015లో మళ్ళీ వెళ్ళా, ఈసారి కరెక్ట్ వీసా, రిగ్గర్‌గా (క్రేన్లకి బరువులు కట్టే పని), ఖతర్. అక్కడ పని ఉంది, ఇక్కడ లేదు, అంతే. నాకు బ్యాన్ వేసుంటే ఏ యూరప్‌కో దొంగదారిలో పోయేవాణ్ణేమో.

బొబ్బిలి_లాయరమ్మ
పంపించెయ్యాలి అన్న మాట అందరూ సులువుగా అనేస్తారు, ఎక్కడికి పంపుతారు అన్నది అసలు చిక్కు. ఒక మనిషిని పంపాలంటే అవతలి దేశం "అవును, మావాడే" అని ఒప్పుకోవాలి. రిగ్గర్ అన్నయ్యకి మన ఎంబసీ ఔట్‌పాస్ ఇచ్చింది కాబట్టి విమానం ఎక్కాడు. అస్సాంలో ఎన్ఆర్‌సీ, అంటే పౌరుల జాబితా, చేశారు, 3.3 కోట్లమంది కాగితాలు పెట్టుకున్నారు, సుమారు 1,600 కోట్లు ఖర్చు, 2019 ఆగస్టు 31న తుది జాబితా వచ్చింది, 19 లక్షల మంది పేర్లు లేవు. అందులో హిందువులున్నారు, ముస్లింలున్నారు, అన్న పేరు ఉండి తమ్ముడి పేరు లేని ఇళ్ళున్నాయి. వాళ్ళని బంగ్లాదేశ్ తీసుకుంటానందా? లేదు. మరి ఆ డబ్బుతో ఏం సాధించాం?

ఇంకో ముఖ్యమైన మాట. మామూలు క్రిమినల్ కేసులో నేరం చేశావని పోలీసులు రుజువు చెయ్యాలి. విదేశీయుల చట్టంలో తిరగబడుతుంది, నువ్వు విదేశీయుడివి కాదని నువ్వే రుజువు చేసుకోవాలి. 1946 చట్టంలో ఉంది, 2025లో పాత చట్టాలు నాలుగు తీసేసి ఒకటే కొత్తది తెచ్చారు, సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది, అందులోనూ ఆ ముక్క అలాగే ఉంది. మాస్టారు చెప్పిన కుర్రాడు తాత దస్తావేజు ఎందుకు మోస్తున్నాడో ఇప్పుడు అర్థమైందా?

2025లోనే ఢిల్లీలో బెంగాలీ మాట్లాడే ఒక కుటుంబాన్ని పట్టుకుని బంగ్లాదేశ్‌లోకి తోసేశారు, వాళ్ళలో ఒకామె గర్భిణి, అక్కడ జైలు, చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక డిసెంబర్‌లో ఆమెని, కొడుకుని వెనక్కి తీసుకొచ్చారు. ఆమెది బీర్‌భూం జిల్లా అని కుటుంబం మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉంది.

పలాస_జీడిపిక్క
ఒకటి రెండు తప్పులు జరిగాయని మొత్తం ఆపేస్తారా అక్కా. కొత్త చట్టంలో శిక్షలు కూడా చూడండి, వీసా లేకుండా వస్తే 5 ఏళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, దొంగ పాస్‌పోర్టుకి 2 నుంచి 7 ఏళ్ళు. భయం ఉండాలి. భయం లేకపోతే

*[ఈ పోస్టులో మిగతా రెండు పేరాలు తీసేశాం. ఒక మతం వాళ్ళని తిట్టే మాటలు ఇక్కడ నడవవు. వాదన ఉంచాం, తిట్లు తీశాం. అడ్మిన్]*

సాలూరు_పిల్లోడు
మధ్యలో దూరుతున్నందుకు సారీ, కానీ బోర్డర్ అంటే మా కొటియా గుర్తొచ్చింది. 21 ఊళ్ళు, ఒడిశా మాదంటుంది ఆంధ్రా మాదంటుంది, 1968లో సుప్రీంకోర్టుకెక్కినా ఎక్కడి గొంగళి అక్కడే. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నవాళ్ళున్నారు, రెండు చోట్లా ఓట్లున్నవాళ్ళున్నారు, ఒకరు బడి కడితే ఇంకొకరు పక్కనే అంగన్‌వాడీ కడతారు. కంచె వేస్తే మాత్రం కొండదొరలు ఊరుకోరు, సంతకి ఎటెళ్ళాలి మరి.

మత్స్యలేశం_శీను
నవ్వొచ్చినాది గానీ నీళ్ళ మీద అయితే ఏడుపే బావూ.

మాకు ఇన్ని ఊళ్ళు తీరం ఉన్నాది, పెద్ద బోటు కట్టుకోడానికి జెట్టీ లేదు, అందుకని ఏటా ఆగస్టులో వేరావల్ పోతాం, గుజరాత్. సేఠ్ బోటు, మనోడే తండేలు (బోటు నడిపీవోడు), ఏడెనిమిది మంది కళాసీలు, ఇరవై రోజులు సముద్రం మీదే. నీళ్ళ మీద గీత ఉండదు. అక్కడ మనకీ పాకిస్తాన్‌కీ నడుమ సర్ క్రీక్ అని ఒక ఉప్పుటేరు ఉన్నాది, దాని తగువు తెగనే లేదు కాబట్టి సముద్రంలో బోర్డర్ ఎక్కడన్నది రెండు దేశాలూ ఒప్పుకున్న గీతే లేదు. రాత్రి వల వేసీసి పడుకుంటే నీటి వాలు లాగీసుకుపోతాది, తెల్లారి లేచి సూస్తే ఆళ్ళ బోటు పక్కన ఉంటాది. 2018 నవంబర్‌లో అలగే మనోళ్ళు పట్టుబడ్డారు, మా పక్కూరి వాళ్ళు, తిత్లీ తుఫాను వొచ్చిన నెలకి. కరాచీ జైల్లో పద్నాలుగు నెలలు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గిర ఇటు అడుగెట్టినారు. ఇక్కడ ఆడోళ్ళు ఆ పద్నాలుగు నెలలూ ఎలగ బతికినారో నాను సూసినాను, ఉత్తరం ఒకటొస్తే ఊరంతా దాని సుట్టూ కూకుని ఒకడిసేత మళ్ళీ మళ్ళీ సదివించుకునీవోరు.

మొన్న 2025 అక్టోబర్‌లో విజీనారం జిల్లా వాళ్ళు బంగ్లాదేశోళ్ళకి సిక్కినారు, అదీ అంతే. ఆ దేశం పోలీసు కళ్ళకి మనమే సొరబాటుదారులం. మాస్టారింట్లో కుర్రోళ్ళు ఎలగో అక్కడ మేం అలగ.

డల్లాస్_రాజాం
శీనూ, దారి తప్పడం వేరు కదా, కావాలని దాటడం వేరు.

మత్స్యలేశం_శీను
నిజమే తమ్ముడూ. కాని పట్టుకున్నోడికి ఆ తేడా తెలియాలంటే ముందు అడగాలి గదా. మనోళ్ళని అడగడానికే నెలలు పట్టినాది. 2008లో ఇండియా పాకిస్తాన్ ఒప్పందం రాసుకున్నాయి, పట్టుకున్న మూడు నెలల్లో అవతలి దేశం ఆఫీసరు వొచ్చి కలవాలని, ప్రతి జనవరి ఒకటికీ జూలై ఒకటికీ ఖైదీల లిస్టులు మార్సుకోవాలని. లిస్టులు మార్సుకుంటారు, మనుషులే ఆలస్యం.

బోటు మాత్రం వెనక్కి రాదు. సేఠ్ లబోదిబో.

విజీనారం_మాస్టారు
శీను చెప్పింది చదివాక మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా తాత కళింగపట్నంలో ఓడెక్కి రంగం వెళ్ళాడు, అంటే రంగూన్, మా పెద్దవాళ్ళు రంగం అనే అనేవారు. అప్పటికి బర్మా కూడా బ్రిటిష్ వాళ్ళదే కాబట్టి వీసా లేదు పాస్‌పోర్టు లేదు, టిక్కెట్టు కొనుక్కుంటే చాలు. అక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారట, మన కోరంగి రేవు పేరు మీద, తర్వాత తర్వాత అదే తిట్టయిపోయింది. మీరొచ్చి మా కూలి పనులు లాక్కున్నారని 1930లో రేవు దగ్గర గొడవలు, తెలుగు కూలీలని చంపారు. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడితే నాయనమ్మ చంకలో మా నాన్నతో అడవుల్లోంచి నడిచి వచ్చింది, దారిలో కలరాకి మా పెద్దత్త పోయింది. ఉన్నవాళ్ళని కూడా 1962 తర్వాత మిలిటరీ ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేసి వెళ్ళగొట్టింది, విశాఖలో బర్మా క్యాంప్ అని ఇప్పటికీ పేరుంది కదా.

జీడిపిక్క గారూ మీకు జవాబుగా కాదు ఇది. ఊరికే చెప్పాలనిపించింది.

పలాస_జీడిపిక్క
మాస్టారూ నేను రాక్షసుణ్ణి కాదండీ. మొన్న అడ్మిన్ తీసేసినవి కోపంలో రాశాను, పోనివ్వండి. ఒడిశాలో చంద్రగిరి వెళ్ళొచ్చాం పోయిన సంక్రాంతికి, అక్కడ టిబెట్ వాళ్ళు 1963 నుంచి ఉంటున్నారు, జిరంగ్‌లో పెద్ద గుడి కట్టుకున్నారు, మొక్కజొన్న పండిస్తారు, చలికాలం వస్తే మా ఊళ్ళో స్వెట్టర్లు అమ్ముతారు. వాళ్ళ మీద నాకెప్పుడూ కోపం రాలేదు. ఎందుకంటే వాళ్ళకి రిజిస్ట్రేషన్ కార్డుంది, రెన్యూ చేయించుకుంటారు, ఎవరు ఎక్కడున్నారో ప్రభుత్వానికి తెలుసు. నాకు కావాల్సింది అదే. లెక్క.

బొబ్బిలి_లాయరమ్మ
చూశారా, ఇప్పుడు మీరూ నేనూ పెద్ద దూరంలో లేము. లెక్కలోకి రావాలంటే వచ్చినవాడికి ఏదో ఒకటి దొరకాలి. వచ్చి పేరు రాయించుకోగానే 5 ఏళ్ళు జైలంటే ఎవడొస్తాడు. నేనైతే ఏడాది ఏడాదికి పనిపర్మిట్ ఇమ్మంటాను, ఓటు లేదు, పౌరసత్వం లేదు, జీతం బ్యాంకులో పడాలి, గడువయ్యాక ఇంటికెళ్ళి మళ్ళీ రావచ్చు.

డల్లాస్_రాజాం
అక్కా పర్మిట్ కథ ఇక్కడ నడిచింది, వినండి. 1942 నుంచి 1964 దాకా బ్రసేరో అని మెక్సికో కూలీలకి సీజన్ పర్మిట్లు ఇచ్చారు, వచ్చి పంట కోసి వెళ్ళిపోయేవాళ్ళు. మోసాలు జరిగాయి, జీతాలు ఎగ్గొట్టారు, అది వేరే సంగతి. దాన్ని ఎత్తేశారు, కూలీలు మాత్రం ఆగలేదు, అదే చేనుకి కాగితం లేకుండా వచ్చారు. తర్వాత 1986లో రీగన్ సంతకం పెట్టిన చట్టం, 27 లక్షల మందికి కాగితాలిచ్చారు, ఇకమీదట దొంగగా పనిలో పెట్టుకున్న యజమానికి జరిమానా అన్నారు. మొదటి సగం బాగా జరిగింది, రెండో సగం ఎగిరిపోయింది, ఎందుకంటే యజమాని కాగితం చూస్తే చాలు, నిజమా అబద్ధమా తేల్చనక్కర్లేదు. 1990లో 35 లక్షలున్నవాళ్ళు 2007కి కోటీ ఇరవై లక్షలయ్యారు. రిగ్గర్ అన్న చెప్పిన ముక్క కూడా నిజం, 1994 నుంచి బోర్డర్ బిగించాక ఏటా వచ్చిపోయేవాళ్ళు పెళ్ళాం పిల్లల్ని కూడా తెచ్చుకుని ఉండిపోయారు.

కాబట్టి నా మాట, పర్మిట్ ఇవ్వండి, కానీ యజమాని మెడ మీద కత్తి ఉంచండి. లేకపోతే మళ్ళీ ఇదే థ్రెడ్ ముప్పై ఏళ్ళకి.

సోంపేట_రిగ్గర్
యజమాని ఒక్కడే కాదు ఏజెంటు కూడా. మన దగ్గర 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉంది, లైసెన్సు ఉన్న ఏజెంటు 30 వేలు ప్లస్ జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఉద్దానంలో ఎవడినైనా అడగండి ఎంత కట్టాడో. రసీదు ఇవ్వడు, ఇచ్చినా సగానికి ఇస్తాడు. ఈమధ్య సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని చెప్పి కంబోడియా తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయిస్తున్నారు, 2024లో విశాఖ పోలీసులు ఆ గుట్టు బయటపెట్టారు, మన జిల్లా కుర్రాళ్ళు కూడా అందులో ఇరుక్కున్నారు. నన్ను పంపిన ఏజెంటు ఇప్పటికీ ఊళ్ళోనే ఉన్నాడు, బండి మీద ఎదురుపడితే బాగున్నావా అని పలకరిస్తాడు. నేనూ బాగున్నా అంటాను, ఏమంటాం.

సాలూరు_పిల్లోడు
కంచె దగ్గర ఎలా ఉంటుందో చూసినవాళ్ళెవరైనా ఉన్నారా? మా మావయ్య బీఎస్ఎఫ్‌లో చేశాడు, బెంగాల్ వైపు. ఆయన చెప్పేది, కంచె సరిగ్గా గీత మీద ఉండదట, గీతకి 150 గజాలు లోపల వేస్తారు, కాబట్టి కొందరి పొలాలు కంచెకి అవతల పడిపోతాయి. పొద్దున్న గేటు తీస్తే రైతు కార్డు అప్పజెప్పి నాగలి తీసుకుని అవతలికెళ్తాడు, సాయంత్రం గేటు మూసే లోపు రావాలి. ఆవు ఈనినా, పామే కరిచినా గేటు టైముకే. నదులున్నచోట కంచె అసలు నిలవదు, ప్రతి వరదకీ ఒడ్డే మారిపోతుంది. మావయ్యకి రాత్రి డ్యూటీలో చలికంటే నిద్రే పెద్ద శత్రువంట.

పలాస_జీడిపిక్క
సరే, నదిలో కంచె నిలవదు, ఒప్పుకుంటా, కెమెరాలు పెట్టండి బోట్లు పెట్టండి. పొడినేల మీద అయినా పూర్తి చెయ్యాలి. పర్మిట్ సంగతి ఆలోచిస్తా, యజమానికి జరిమానా అంటే మాత్రం నాకు ఇప్పుడే ఓకే. మా వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళకి కూలి పెంచమంటే, బయటినుంచి తెచ్చుకుంటాం అని బెదిరిస్తారు కొందరు. వాళ్ళకి కావాల్సింది కాగితంలేని మనిషే.

విజీనారం_మాస్టారు
నాలుగు రోజులు ఇటు రాలేదు, స్లాబుకి నీళ్ళు కట్టించడంలో ఉన్నాను. అన్నీ చదివాను. ఆ కుర్రాళ్ళ సంగతి చెప్తాను. స్టేషన్ నుంచి ఫోనొచ్చింది, మాల్దాలో కనుక్కున్నారంట, సరిపోయిందన్నారు. పని అయిపోయింది, భోగాపురం వైపు ఇంకో సైటుకి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు పెద్దవాడు వచ్చి ఒక కాగితం రాసిమ్మన్నాడు, ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా మా ఇంట్లో పని చేశాడని. తెల్లకాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి సంతకం పెట్టి ఫోన్ నంబరు వేసిచ్చాను. సాయంత్రానికి గంటస్తంభం దగ్గరకెళ్ళి దానికి లామినేషన్ చేయించుకొచ్చాడు, నాకు చూపించి రేకుడబ్బాలో తాత దస్తావేజు పక్కన పెట్టుకున్నాడు.

బొబ్బిలి_లాయరమ్మ
మాస్టారూ, లామినేషన్ చేసిన కాగితం చాలా ఆఫీసుల్లో తీసుకోరండీ.

విజీనారం_మాస్టారు
అయ్యో. అతని నంబరు మేస్త్రీ దగ్గరుంది, ఇంకోటి రాసి పంపుతాను ఉండండి.